పోలోకి లోయరింగ్ స్ప్రింగులు: పెట్టె మీద 30, బండి మీద 39

నాది 2016 పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 పీఎస్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు. మలుపుల్లో మాత్రం బండి పడవలా ఒరిగేది. విశాఖ నుంచి అరకు వెళ్తూ ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, ప్రతి మలుపులోనూ మా ఆవిడ చెయ్యి తలుపు పైనున్న హ్యాండిల్ మీదకి వెళ్లిపోయేది. పైగా టైరుకీ, దాని పైనున్న రేకు ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్లు సులువుగా దూరేవి. పక్కనుంచి చూస్తే పొట్టి ప్యాంటు వేసుకున్న మనిషిలా ఉండేది. నిజం చెప్పాలంటే అసలు కారణం అదే. ఘాట్ రోడ్డు తర్వాత దొరికిన సాకు. అందుకే లోయరింగ్ స్ప్రింగులు, అంటే బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు, వేయిద్దామనుకున్నాను.

గాజువాక ఆటోనగర్‌లో అడిగితే మొదట వచ్చిన సలహా: "ఉన్న స్ప్రింగునే ఒకటిన్నర చుట్టు కోసేద్దాం సార్, రెండు వేలు ఇవ్వండి." వద్దన్నాను. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే. కానీ కోసిన కొస దాని చోట్లో సరిగ్గా కూర్చోదు, గ్యాస్ కట్టర్ వేడికి అక్కడి ఉక్కు బలం పోతుంది. ఇంకో చోట పేరూ ఊరూ లేని సెట్ తొమ్మిది వేలకి చూపించారు. ఎంత దిగుతుందని అడిగితే ఒకరు 40 మిల్లీమీటర్లు అన్నారు, పక్కనున్న కుర్రాడు 50 అన్నాడు. స్ప్రింగు మీద పార్టు నంబరు కూడా లేదు. దండం పెట్టి వచ్చేశాను. ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ సెట్లు (కాయిలోవర్లు) అంటే లక్ష దాటుతుంది, మా ఆవిడకి చెప్పే ధైర్యం లేక ఆ ఆలోచనే మానుకున్నాను.

చివరికి మిగిలినవి రెండు: ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్. రెండూ జర్మనీవే. ఊళ్లు కూడా దగ్గర దగ్గరే, ఫినెన్‌ట్రాప్ ఒకటి, లెన్నెష్టాట్ ఇంకొకటి. మనకి పూతరేకులకి ఆత్రేయపురం ఎలాగో, స్ప్రింగులకి ఆ కొండ ప్రాంతం అలాగ కాబోలు. నేను తక్కువ దిగేదాని కోసమే చూశాను, ఎందుకంటే స్ప్రింగు పొట్టిదైతే షాక్ అబ్జార్బర్ బండి కదలకముందే కొంత కుంగి ఉంటుంది. కిందికి మిగిలిన దూరం తక్కువ. ఆ తక్కువ దూరంలోనే గుంత దెబ్బ తట్టుకోవాలి కాబట్టి స్ప్రింగు గట్టిగానూ ఉండాలి. లేదంటే చిన్న గుంతకే బంప్ స్టాప్ రబ్బరు మీద పడి దబ్‌మంటుంది. ప్రో-కిట్ స్ప్రింగు నొక్కేకొద్దీ గట్టిపడే రకం. వెనక సీటులో మా నాన్నగారు కూర్చునే బండికి అదే నయం అనుకున్నాను.

ఆర్డర్ పెట్టేముందు ఒక్కటి మాత్రం గట్టిగా చూసుకోండి. ఒకే మోడల్ కారుకైనా ముందు యాక్సిల్ బరువుని బట్టి పార్టు నంబర్లు వేరుగా ఉంటాయి. డీజిల్ పోలో ముక్కు బరువు, మనది తేలిక. డీజిల్‌ది తెచ్చి పెట్రోల్‌కి వేస్తే ముందు భాగం అనుకున్నంత దిగదు.

మూడు వారాలకి సెట్ వచ్చింది, ముప్పై వేలకి కాస్త అటూ ఇటూ. పెట్టె మీద 30 అని ఉంది, అంటే 30 మిల్లీమీటర్లు దిగుతుందని. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో ముందే కొలిచి పెట్టుకున్నాను: ముందు 388, వెనక 392. బిగించి రెండు వారాలు నడిపాక కొలిస్తే 349, 357. అంటే ముందు 39 దిగింది! ఇది స్ప్రింగు తప్పు కాదు. ఆ 30 అన్నది యూరప్ పోలో లెక్క. మన రోడ్ల కోసం ఇక్కడి పోలోని ఎత్తుగా తయారు చేశారు. దిగడం మొదలైందే పై మెట్టు నుంచి కాబట్టి ఎక్కువ దిగినట్టు. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే బాగుండేది.

బిగించిన షాపు పేరు చెప్పను. ఏసీ వెయిటింగ్ రూము, ఫిల్టర్ కాఫీ, అన్నీ ఉన్నాయి. షాక్‌ని పైన బాడీకి పట్టి ఉంచే టాప్ మౌంట్లు, వాటి బేరింగులు పాతవే తిరిగి వేసేశారు. నాలుగో రోజు నుంచి పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే టక్, టక్. మళ్లీ వెళితే "కొత్త స్ప్రింగులు సెట్ అవ్వాలి సార్" అన్నారు. నెల గడిచింది, అవి సెట్ అవ్వలేదు, నా బుర్ర మాత్రం పాడైంది. చివరికి ఆటోనగర్‌లోనే ఒక పెద్దాయన బండి కిందికి దూరి చూసి, "చక్రాలు గాల్లో ఉండగానే బోల్టులు బిగించేశారు బాబూ, కీళ్లలోని రబ్బరు బుష్షులు మెలి తిరిగి ఉన్నాయి" అన్నాడు. కొత్త బేరింగులు, మౌంట్లు వేసి, బండి బరువు చక్రాల మీద ఉండగా బుష్షు బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాడు. శబ్దం ఆ రోజే పోయింది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, బాగా తప్పి ఉంది. ముందు టైర్ల లోపలి అంచు అప్పటికే అరిగింది. అలైన్‌మెంట్ లేకుండా షాపు గేటు దాటకండి.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, ఘాట్‌లో వేరే కారు. మలుపులో ఒరగడం బాగా తగ్గింది, స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. గాలికొండ వ్యూ పాయింట్ దాకా మా ఆవిడ హ్యాండిల్ ముట్టుకోలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు నాకు. ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం చిన్న చిన్న అతుకులు నడుముకి తెలుస్తాయి. 62 వేల కిలోమీటర్లు తిరిగిన నా పాత షాక్‌లు ఈ గట్టి స్ప్రింగుల్ని పట్టలేక బండి కుప్పిగంతులు వేసేది. మూడు నెలలకి అవీ మార్చాల్సి వచ్చింది. మీ బండీ అంత తిరిగి ఉంటే రెండూ కలిపి ఒకేసారి వేయించుకోండి, కూలీ ఒకసారే పడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఒక మెయిల్ పెట్టేయండి, రేపు క్లెయిమ్ దగ్గర టెన్షన్ ఉండదు.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీ వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా వీధి చివర ఉన్నది నేనే కొలిచాను, 14 సెంటీమీటర్లు, గోడలా లేచి ఉంటుంది. నేనొక్కడినే ఉంటే ఏటవాలుగా ఎక్కించి దాటేస్తాను. నలుగురు కూర్చుంటే బండి పొట్ట గీసుకుపోతుంది. పాత స్ప్రింగులు అమ్మలేదు, అటక మీదే ఉన్నాయి. నాన్నగారైతే ఆ స్పీడ్ బ్రేకర్ రాగానే చెప్పకుండానే డోర్ తీసుకుని దిగి, గేటు దాకా నడిచి వస్తారు. డాక్టరు ఎలాగూ నడవమన్నాడు కదా అంటారు.