వింత డీలిమిటర్ల ఫైళ్లకు రీడ్‌డీలిమ్: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

నల్లగొండ జిల్లా ఊళ్లల్లో బోరింగ్ నీళ్ల ఫ్లోరైడ్ లెక్కలు కట్టడం నా పని. ఫైళ్లు తలా ఒక తీరుగా వస్తాయి. ఊరి వివరాల్లోనే కామాలుంటాయి కాబట్టి కాలమ్‌లను విడదీసే గుర్తుగా, అంటే డీలిమిటర్‌గా, ఒకరు || పెడతారు, ఇంకొకరు ~ పెడతారు. వీటన్నిటినీ ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలోనే చదివిస్తాను. ఎన్ని మార్చినా చివరికి చేతిలో నిలిచింది రీడ్‌ఆర్ (readr) ప్యాకేజీలోని రీడ్‌డీలిమ్ (read_delim) ఫంక్షన్.

ఆర్‌తోపాటే వచ్చే రీడ్‌టేబుల్ (read.table) ఫంక్షన్‌కు డీలిమిటర్ ఒక్క బైట్ మించొద్దు. || ఇస్తే ఎర్రర్ వస్తుంది. ఒక్క | ఇచ్చి చదివిస్తే ప్రతి రెండు కాలమ్‌ల మధ్యా ఒక ఖాళీ కాలమ్ పుడుతుంది, వాటిని ఏరి పారేయాలి. అది చిన్న తలనొప్పి. అసలు చిక్కు # దగ్గర. మనం చెప్పకపోయినా దాన్ని కామెంట్ గుర్తు అనుకుంటుంది. ఈ వరుస చూడండి:

03||చండూరు||బోరింగ్ #2||2.4

# నుంచి చివరిదాకా ఉన్నదంతా పోతుంది. వరుసలో కాలమ్‌లు తక్కువయ్యాయని ఎర్రర్ వస్తే, చాలామంది చేసే పని తక్కువైన గడులను ఖాళీగా నింపే ఫిల్ ఆప్షన్ ఆన్ చేయడం. ఎర్రర్ పోతుంది, దాంతోపాటే 2.4 కూడా పోయి ఆ గడిలో ఎన్‌ఏ (విలువ లేదనే గుర్తు) కూర్చుంటుంది. పైగా 03 అనే కోడ్ 3 అవుతుంది. రీడ్‌డీలిమ్ అయితే # జోలికి పోదు, ముందు సున్నా ఉన్న కోడ్‌ను అక్షరాలుగానే ఉంచుతుంది. 2021లో రీడ్‌ఆర్ 2.0 వచ్చాక రెండు మూడు అక్షరాల డీలిమిటర్లు కూడా నేరుగా తీసుకుంటోంది.

డేటాటేబుల్ ప్యాకేజీలోని ఎఫ్‌రీడ్ (fread) వేగం వేరే లెవల్. కానీ అది కూడా ఒక్క అక్షరం డీలిమిటరే అడుగుతుంది. నా ఫైళ్లకు అంత వేగంతో పనీ లేదు.

నాకు బాగా నచ్చింది రీడ్‌ఆర్‌లోని ప్రాబ్లమ్స్ ఫంక్షన్. ఫ్లోరైడ్ మరీ తక్కువైతే ల్యాబ్ వాళ్లు <0.2 అని రాస్తారు. ఆ కాలమ్ అంకెలే అని నేను ముందే చెప్తే, ఆ గడి ఎన్‌ఏ అవుతుంది గానీ ఏ వరుస, ఏ కాలమ్, అక్కడ ఏముందో పట్టిక వేసి చూపిస్తుంది. ఇది చూడకుండా సగటు తీస్తే తక్కువ విలువలన్నీ లెక్కలోంచి జారిపోయి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపలున్న ఊరు కూడా దాటినట్టు కనబడొచ్చు. నల్లగొండ కదా, ఫ్లోరైడ్ ఎక్కువొచ్చిందంటే ఎవరికీ అనుమానం కూడా రాదు! అందుకే ఇప్పుడు అన్ని కాలమ్‌లనూ ముందు అక్షరాలుగా చదివించి, < ఉన్నవాటిని విడదీశాకే అంకెలుగా మారుస్తున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కామా ఫైళ్లు చదివే రీడ్‌సీఎస్‌వీ అటూ ఇటూ ఉన్న ఖాళీలను తానే కోసేస్తుంది. అదే ప్యాకేజీలోని రీడ్‌డీలిమ్ మాత్రం మనం అడిగితేనే కోస్తుంది. చివర ఒక్క స్పేస్ మిగిలిందంటే చండూరు రెండు ఊళ్లయి కూర్చుంటుంది. ఒకే ఇంటి ఫంక్షన్లకు రెండు రకాల డిఫాల్ట్‌లు ఎందుకో నాకైతే నచ్చలేదు.