దృశ్య వల్కలంలో రికార్డింగ్: న్యూరోపిక్సెల్స్ ప్రోబా, టూ-ఫోటాన్ ఇమేజింగా?

చిట్టెలుక దృశ్య వల్కలంలో (మెదడు పై పొరలో చూపుకు సంబంధించిన భాగంలో) స్పందన ఎప్పుడు మొదలై ఎలా పాకుతుందన్నది మీ ప్రశ్నైతే న్యూరోపిక్సెల్స్ (న్యూరాన్ల విద్యుత్ సంకేతాలను నేరుగా పట్టే సన్నని సిలికాన్ ప్రోబ్) తీసుకోండి. మొదటి తరం ప్రోబ్‌లో 960 సైట్లు (సంకేతం పట్టే బిందువులు). ఒకేసారి 384 చానెళ్లు, సెకనుకు 30,000 శాంపిళ్లు. వల్కలం పొరలన్నీ, కింద థాలమస్ (కంటి సంకేతాలను వల్కలానికి చేరవేసే భాగం) కూడా ఒకే ప్రోబ్‌కు అందుతాయి. ప్రోబ్‌ను చాలా నెమ్మదిగా దించి, కాసేపు కుదురుకోనివ్వాలి. తొందరపడితే కణజాలం జరుగుతుంది, ఒకే న్యూరాన్ స్పైకులు (క్షణిక విద్యుత్ సంకేతాలు) లెక్కలో రెండు యూనిట్లుగా, అంటే రెండు వేర్వేరు న్యూరాన్లుగా విడిపోతాయి. ఎలుకకు బొమ్మలు చూపే తెర మూలన, బొమ్మ మారిన క్షణాన్ని పట్టే ఫోటోడయోడ్ (కాంతి సెన్సర్) తప్పనిసరి: 60 హెర్ట్జ్ తెరపై ఒక్క ఫ్రేమ్ తేడా అంటే దాదాపు 17 మిల్లీసెకన్ల పొరపాటు. అంత తేడా ఉంటే ఆలస్యాల లెక్క నమ్మలేం.

టూ-ఫోటాన్ (లేజర్‌తో న్యూరాన్ల వెలుగును చిత్రించే మైక్రోస్కోప్ పద్ధతి) బలం వేరు. ఏ న్యూరాన్ ఎక్కడుందో, ఏ రకమో కనిపిస్తుంది. అదే కణాన్ని వారాల తర్వాతా వెతికి పట్టుకోవచ్చు. నేర్చుకోవడంపై ప్రయోగాలకు మా ఓటు దీనికే. కానీ జీక్యాంప్ (న్యూరాన్ చురుకైనప్పుడు వెలిగే ప్రోటీన్) వెలుగు తగ్గడానికి చాలా రకాల్లో వందల మిల్లీసెకన్లు పడుతుంది కనుక వేగవంతమైన స్పైకుల వరుస కలగాపులగమవుతుంది. తెర కాంతి మైక్రోస్కోప్ డిటెక్టర్‌లోకి దూరితే అది న్యూరాన్ స్పందనలాగే కనిపిస్తుంది. ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ కటకం) చుట్టూ నల్లటి కవచం బిగించండి.