లీ వ్యాలీ వెలోడ్రోమ్‌లో తొలి తరగతి: విగ్గిన్స్ తొక్కిన ట్రాక్ మీద ఒక గంట

తూర్పు లండన్‌లో, 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన లీ వ్యాలీ వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల కోసం వాలు ట్రాక్ వేసిన స్టేడియంలో), ఎప్పుడూ ట్రాక్ ఎక్కనివారికి కోచ్ పర్యవేక్షణలో గంటసేపు సైకిల్ తొక్కించే తరగతులు నడుస్తున్నాయి. ప్రపంచ రికార్డులు నమోదైన ట్రాక్ మీదికే కొత్తవారినీ అనుమతించడం ఈ తరగతికున్న మొదటి ఆకర్షణ. అయితే బ్రిటన్ సైక్లిస్టు బ్రాడ్లీ విగ్గిన్స్ ఆటను ఏళ్ల తరబడి టీవీలో చూస్తూ వచ్చిన నాకు, ఆయన ట్రాక్ నుంచి రోడ్డు మీదికి వెళ్లి ఎలా గెలిచారన్నది ఇక్కడ తొక్కిన తరువాతే సరిగా అర్థమైంది కాబట్టి, ఈ తరగతి విలువను ఆ కోణం నుంచే చెబుతాను.

ట్రాక్ చుట్టుకొలత 250 మీటర్లు. సైబీరియా పైన్ చెక్కతో వేసిన ఈ ట్రాక్ మలుపుల దగ్గర 42 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. టీవీ తెర మీద ఆ వాలు సగం కూడా కనిపించదు. కింద నిలబడి తలెత్తి చూస్తే మలుపు గోడలాగే ఉంటుంది. ఇచ్చే సైకిలుకు బ్రేకులు ఉండవు, మార్చుకోవడానికి గేర్లు ఉండవు, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్రీవీల్ ఉండదు, అంటే చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు మీది అలవాటు కొద్దీ ఒక్క క్షణం కాళ్లు ఆపబోతే, కింది నుంచి ఎవరో తన్నినట్టు పెడల్ కాలిని పైకి నెడుతుంది. వేగం తగ్గించాలంటే కాళ్లతో పెడళ్లకు కొద్దికొద్దిగా ఎదురొత్తాలి. ఆగాలంటే నెమ్మదిగా లోపలి అంచుకు వచ్చి అక్కడి కడ్డీని పట్టుకోవాలి.

కోచ్ బోధించే తీరు నాకు చాలా నచ్చింది. ముందు అడుగున ఉండే నీలి పట్టీ మీద, తరువాత ట్రాక్ కొలతకు ఆధారమైన నల్ల గీత మీద, ఆపైన ఎర్ర గీతకు పైన, చివరికి ఎగువనున్న నీలి గీత దాకా తొందరపెట్టకుండా ఎక్కించారు. మలుపులోకి వెళ్తూ భయపడి నెమ్మదిస్తేనే టైర్లు జారతాయని, వేగమే సైకిలును వాలుకు అంటిపెట్టి ఉంచుతుందని ఆయన మొదటే చెప్పారు. ఆ మాటను బుద్ధి ఒప్పుకున్నంత త్వరగా కాళ్లు ఒప్పుకోవు. ఒప్పుకున్న తరువాత మాత్రం, చెక్క మీద టైర్లు చేసే సన్నని హోరు వింటూ మలుపు దిగువకు దూసుకురావడంలో ఉన్న ఆనందం రోడ్డు మీద దొరికేది కాదు.

విశ్రాంతి లేకుండా, వేగంలో ఎగుడుదిగుడులు లేకుండా, శక్తిని సమంగా ఖర్చు చేయడమే ఈ ట్రాక్ నేర్పే పాఠం. విగ్గిన్స్ ఆ పాఠంలోనే పెరిగారు. ఆయన తండ్రి గ్యారీ విగ్గిన్స్ కూడా ట్రాక్ సైక్లిస్టే. తండ్రి పోటీల కారణంగా 1980లో బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టిన ఆయన, లండన్ కిల్‌బర్న్‌లో పెరిగి, హెర్న్ హిల్ వెలోడ్రోమ్‌లో ఓనమాలు దిద్దారు. ఇద్దరు ట్రాక్‌కు ఎదురెదురు వైపుల నుంచి బయలుదేరి ఒకరినొకరు తరిమే 4 కిలోమీటర్ల వ్యక్తిగత పర్స్యూట్‌లో 2004లో ఏథెన్స్‌లోనూ, 2008లో బీజింగ్‌లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. ఆ తరువాత ఆ పోటీనే ఒలింపిక్స్ నుంచి తొలగించారు. 2012లో, ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే రోడ్డు పందెం టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన తొలి బ్రిటన్ పౌరుడు ఆయనే. ఆ టూర్‌లో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడుతూ తొక్కే రెండు సుదీర్ఘ టైమ్ ట్రయల్స్‌నూ ఆయనే గెలిచారు. కొండల మీద ప్రత్యర్థులు ఒక్కసారిగా ముందుకు దూకినా వెంటపడక, తన లయలోనే ఎక్కుతూ వారిని అందుకోవడం పర్స్యూట్ రైడరుకు అబ్బిన విద్యే అని నా అభిప్రాయం. ఫ్రీవీల్ లేని సైకిలు మీద గంట గడిపినవారికి ఈ మాట అతిశయోక్తి అనిపించదు.

లండన్ ఒలింపిక్స్‌లో ఆయన స్వర్ణం ఈ భవనంలో రాలేదు. అది హాంప్టన్ కోర్ట్ దగ్గర రోడ్డు మీది టైమ్ ట్రయల్‌లో వచ్చింది. ఈ ట్రాక్‌కు ఆయన పేరు ముడిపడింది 2015 జూన్ 7న. ఆ రోజు వాతావరణ పీడనం ఎక్కువగా ఉండి, గాలి చిక్కబడి వేగానికి అడ్డు తగిలినా, గంటలో 54.526 కిలోమీటర్లు తొక్కి, గంటలో అత్యధిక దూరానికి బ్రిటన్ సైక్లిస్టు అలెక్స్ డౌసెట్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డును దాటారు. ఆ దూరం 218 చుట్లకు పైమాటే, అంటే సగటున చుట్టుకు పదహారున్నర సెకన్లు. మా తరగతిలో చురుకైనవారికే దాదాపు అంతకు రెట్టింపు పట్టింది, అది కూడా నాలుగైదు చుట్లకే ఆయాసపడుతూ. ఆ రికార్డును తరువాత మరికొందరు దాటారు, 2022లో ఇటలీ సైక్లిస్టు ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లకు తీసుకెళ్లారు. 2016 మార్చిలో ఇదే ట్రాక్ మీద బ్రిటన్ సైక్లిస్టు మార్క్ కావెండిష్‌తో కలిసి, ఇద్దరు జట్టుగా వంతులవారీగా తొక్కే మాడిసన్ పందెంలో ప్రపంచ టైటిల్ గెలిచిన విగ్గిన్స్, అదే ఏడాది రియోలో టీమ్ పర్స్యూట్ స్వర్ణంతో తన ఐదో ఒలింపిక్ స్వర్ణాన్ని అందుకున్నారు.

సైకిలు మీద తడబాటు లేకుండా తొక్కగలిగిన ఎవరికైనా ఈ తరగతిని గట్టిగా సిఫారసు చేస్తాను. ఇంకా సమతూకం కుదరనివారు మాత్రం బయట కొన్నాళ్లు సాధన చేసి రావడం మంచిది. వదులు ప్యాంట్లు చైనులో చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి బిగుతైన బట్టలు వేసుకోవాలి, గంటంతా కాళ్లు ఆగవు కాబట్టి భోజనం చేసిన వెంటనే వెళ్లకూడదు. లండన్‌కు వచ్చే మన తెలుగువారు చూడదగ్గ స్థలాల జాబితాలో దీన్ని చేర్చుకోవాలని కోరుకుంటాను. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలోడ్రోమ్‌లో సాధన చేసే పిల్లలున్న కుటుంబాలకైతే ఇది మరీ అవసరం. ఒక్క గంటతో తృప్తి చెందనివారికి ఇక్కడే అంచెలంచెలుగా సాగే అర్హత తరగతులు ఉన్నాయి. గుంపులో తొక్కడం, ముందువారి చక్రానికి దగ్గరగా ఉండడం వాటిలో నేర్పుతారు. నేను వాటిలో చేరుతున్నాను.