ఎం.ఎస్. ఉన్నవాళ్లకు వీడియో కన్సల్టేషన్: మూడేళ్లు వాడాక ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అంటే మన రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు. దాని ఫాలో-అప్‌లో మాటలతో తేలే పనే ఎక్కువ. కాళ్ల బిగుతు ఎలా ఉంది, మూత్రం ఆగుతోందా, నిద్ర పడుతోందా, రక్తపరీక్షలో తెల్లకణాలు ఎన్ని, మందు మార్చాలా వద్దా. ఇంతమాత్రానికి ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో రాత్రి బస్సెక్కి, మర్నాడు ఓపీలో గంటలు గంటలు కూర్చుని, అసలే అలసట జబ్బున్న మనిషిని మరింత అలిసిపోయేలా చేసి ఇంటికి తీసుకురావాలి. ఈ తిప్పలకు వీడియో కాల్ నిజమైన విరుగుడే. రెండు ఆస్పత్రుల యాప్‌లు, ఒక డాక్టరు గారితో మామూలు వాట్సాప్ వీడియో, మూడూ వాడాక చెబుతున్న మాట: యాప్ ఏదైనా పెద్ద తేడా లేదు. కాల్‌కు ముందు ఇంట్లో పావుగంట సిద్ధం కావాలి, ఆరు నెలలకోసారి డాక్టరు ముందు నేరుగా కూర్చోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా అది వైద్యం కాదు, ఫోనులో పరామర్శ.

ఆరు నెలల లెక్క ఊరికే చెప్పింది కాదు. 2020 మార్చి 25న మన దేశంలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోను, వీడియోల్లో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం, అదే డాక్టరును అదే జబ్బుకు నేరుగా కలిసి ఆరు నెలలు దాటకపోతేనే ఆ కాల్ ఫాలో-అప్ కింద వస్తుంది. దాటితే కొత్త కేసే. అప్పుడు వీడియోలో రాయగలిగిన మందులు తగ్గిపోతాయి. షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకం మీద గట్టి కట్టుబాట్లున్నవి), నార్కోటిక్ చట్టం కిందికి వచ్చేవి వీడియోలో రాయకూడదు. ట్రమడాల్ కూడా ఆ చట్టం కిందిదే, నొప్పికి అది వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ మార్గదర్శకాల్లో ఆర్.ఎం.పి. అన్న మాట పదే పదే వస్తుంది. అక్కడ దాని అర్థం రిజిస్టర్ అయిన డాక్టరు. మన ఊళ్లలో ఆ మాటకున్న అర్థం వేరని చెప్పక్కర్లేదు.

ముందు ఒక హెచ్చరిక. జబ్బు ఇంకా తేలనివాళ్లకు ఈ సమీక్ష పనికిరాదు. ఎం.ఎస్.లాగే కనిపించే ఎన్.ఎం.ఓ. అనే జబ్బుంది. దాన్ని పట్టిచ్చే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష చేయకుండా ఎం.ఎస్. అనుకుని ఇంటర్ఫెరాన్ గానీ ఫింగోలిమాడ్ గానీ మొదలుపెడితే అది ముదురుతుంది. మొదటి నిర్ధారణ నేరుగానే జరగాలి.

ఇక పావుగంట సంగతి. ఫోన్ చేత్తో పట్టుకోకూడదు. స్టూలు మీద అడ్డంగా నిలబెట్టి, తల నుంచి పాదాల దాకా పట్టేంత దూరంలో పెట్టాలి. కిటికీ వెలుగు ముఖం మీద పడాలి గానీ వీపు వెనక ఉండకూడదు. కాళ్లకు చెప్పులు వద్దు, పైజమా మోకాళ్ల దాకా మడవాలి. చీర, నైటీలలో పాదం ఈడ్చుకుపోవడం కనపడదు, డాక్టరుకు కావలసింది అదే. పాత చెప్పుల జత తిరగేసి కెమెరాకు చూపిస్తే మరీ మంచిది. ఒక చెప్పు మాత్రమే ముందు కొసన అరిగిపోయి ఉంటే ఏ కాలు ఈడుస్తున్నారో అదే చెబుతుంది.

నేల మీద 25 అడుగుల దూరం, అంటే 7.62 మీటర్లు, కొలిచి రెండు చివరలా రంగు టేపు అంటించి వదిలేయండి, తీయకండి. రోజూ వాడే కర్రతోనే, క్షేమంగా నడవగలిగినంత వేగంగా రెండుసార్లు నడిచి, సెకన్ల సగటు రాసుకోవాలి. పాత లెక్క కంటే 20 శాతం పెరిగితే పట్టించుకోవలసిన మార్పు కింద చూస్తారు. నిరుడు 8 సెకన్లు పట్టింది ఇప్పుడు 10 అయితే ఆ ఒక్క అంకె పది నిమిషాల వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది. అయితే ప్రతిసారీ ఒకే వేళకు కొలవాలి. పొద్దున ఎనిమిదింటి నడకకూ మే నెల మధ్యాహ్నం మూడింటి నడకకూ పోలికే ఉండదు. కళ్లు మూసుకుని నిలబడే పరీక్ష, అడుగులో అడుగేసి నడిచే పరీక్ష ఒంటరిగా ఉన్నప్పుడు చేయకూడదు. పక్కన చేతికందేంత దూరంలో ఒకరు ఉండాలి, వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

కళ్ల విషయంలో లైవ్ వీడియోను నమ్మొద్దు. నెట్ తగ్గితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు లేని అదురు ఉన్నట్టూ, ఉన్న అదురు లేనట్టూ కనిపిస్తుంది. ముందే వెనక కెమెరాతో, ముఖానికి అడుగు దూరం నుంచి, వేలు నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతుంటే కళ్లు ఎలా తిరుగుతున్నాయో అర నిమిషం తీయండి. ముక్కు వైపు రావలసిన కన్ను వెనకబడిపోవడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేదంటే నొక్కేసి మసక చేస్తుంది. చూపు పరీక్షకు ఎర్ర సీసా మూత చాలు. ఒక్కో కన్ను మూసి చూడాలి. జబ్బు తగిలిన కంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఇంత చేసినా కంటి వెనక నరం, మోకాలి రిఫ్లెక్స్, అరికాలు గీస్తే బొటనవేలు ఎటు లేస్తుందో, ట్యూనింగ్ ఫోర్క్ కంపనం తెలుస్తోందా, కండరాల బిగుతు ఎంత, ఇవేవీ వీడియోకు అందవు. ఫర్వాలేదని చెప్పే డాక్టరు కంటే, ఇది నేరుగా చూడాలి రండి అనే డాక్టరును నమ్మొచ్చు.

వీడియో అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఎటాక్ వచ్చిందేమో అన్న అనుమానంలో. కొత్త లక్షణం గానీ పాతది ముదరడం గానీ 24 గంటలు దాటి ఉండాలి, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉండకూడదు, కిందటి ఎటాక్ నుంచి 30 రోజులైనా గడవాలి. అప్పుడే అది అసలైన ఎటాక్. రామగుండం ఎండలోనో, వేడినీళ్ల స్నానం తర్వాతో చూపు మసకబారి, ఫ్యాను కింద కూర్చుంటే సర్దుకుంటే అది వేడి వల్ల. కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. కాళ్లు ఒక్కసారిగా బరువెక్కితే ముందు అనుమానించాల్సింది మూత్రంలో ఇన్ఫెక్షన్‌ని. మంట లేకపోయినా ఉండొచ్చు. అందుకే కాల్‌కు ముందే జ్వరం చూసుకుని, దగ్గర్లోని ల్యాబ్‌లో మూత్రపరీక్ష, కల్చర్ ఇచ్చేస్తే ఒక రోజు కలిసొస్తుంది.

తప్పు జరిగేదీ ఇక్కడే. ఎటాక్ అని తేలితే మామూలుగా రాసేది మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 1 గ్రాము, 3 నుంచి 5 రోజులు, సెలైన్‌లో. చీటీ ఫోన్లోకి రాగానే ఊళ్లోనే ఎక్కించేద్దాం అనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ ఉండగా ఎక్కిస్తే అది ముదురుతుంది, షుగర్ ఎగబాకుతుంది, బీపీ, గుండె లయ చూసేవాళ్లు ఉండాలి. కనీసం మండల కేంద్రంలోనైనా డే కేర్ ఉన్న ఆస్పత్రిలోనే ఎక్కించాలి. ఆ ఆస్పత్రి డాక్టరుకూ న్యూరాలజిస్టుకూ ఒక్క నిమిషం ఫోన్ కలిపితే చాలా గొడవలు తప్పుతాయి.

మందుల లెక్కలకు వీడియో బాగా సరిపోతుంది. ఎం.ఎస్.కు డైమిథైల్ ఫ్యూమరేట్ వాడేవాళ్లకు కొన్ని ల్యాబ్ రిపోర్టుల్లో లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) శాతంలోనే ఉంటాయి. మొత్తం తెల్లకణాలు 5,000, లింఫోసైట్లు 12 శాతం అయితే అసలు సంఖ్య 600. అది 500 కంటే తగ్గి ఆరు నెలలుగా పెరగకపోతే మందు ఆపే మాట వస్తుంది. టెరిఫ్లునోమైడ్ అనే మరో ఎం.ఎస్. మందుకు మొదటి ఆరు నెలలు నెలనెలా ఎస్.జి.పి.టి. (కాలేయం పరీక్ష) చూడాలి. గర్భం ఆలోచన ఉన్నవాళ్లు అది ముందే చెప్పాలి. ఫింగోలిమాడ్ మొదటి మాత్ర మాత్రం వీడియోలో కుదరదు, ఆరు గంటలు నాడి చూస్తూ ఆస్పత్రిలో వేయాలి. రెండు వారాలకు పైగా మాత్ర మానేసినవాళ్లు ఇంట్లో తమంతట తాము మళ్లీ మొదలుపెట్టకూడదు. కాళ్ల బిగుతుకు వాడే బాక్లోఫెన్ అయిపోయేదాకా చూసి కాల్ బుక్ చేయొద్దు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, వారం మందు ఉండగానే చీటీ తీసుకోండి.

ఎం.ఆర్.ఐ. దగ్గర యాప్‌లన్నీ చేతులెత్తేస్తాయి. కిటికీకి ఆనించి తీసిన ఫిల్మ్ ఫొటోతో కొత్త మచ్చలు లెక్కపెట్టలేరు. స్కాన్ సెంటర్‌ను డైకామ్ ఫైళ్ల (స్కాన్ అసలు ఫైళ్లు) లింక్ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడగాలి. సీడీ ఇస్తే అందులోని ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపాలి, ఒక్క బొమ్మా విడదీయకుండా. ప్రతిసారీ అదే సెంటర్, అదే మెషీన్ అయితే పోలిక సులువు.

రిటుక్సిమాబ్ అనే మందు మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి ఇన్ఫ్యూజన్‌కు, అంటే దాన్ని నరంలోకి ఎక్కించుకోవడానికి, వెళ్లక తప్పదు కాబట్టి నేరుగా పరీక్ష, ఎం.ఆర్.ఐ. ఉంటే అదీ ఆ ప్రయాణంలోనే పెట్టుకోండి. మధ్యలో మూడో నెలలో ఒక వీడియో కాల్. రక్తపరీక్షలు ఇన్ఫ్యూజన్‌కు వారం ముందు మీ ఊళ్లోనే చేయించి పంపాలి. లేకపోతే అంత దూరం వెళ్లాక రిపోర్టు కోసం ఆపేస్తారు.

పెద్ద లోటు ఒకటుంది, అది యాప్‌లో కాదు, ఇంట్లో. హాల్లో అందరి మధ్యా ఫోన్ పెడితే మూత్రం ఆగకపోవడం, దాంపత్యం, దిగులు, ఏవీ బయటికి రావు. అమ్మో భర్తో అన్నిటికీ జవాబు చెప్పేస్తారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు కాల్‌లో కలవడం మంచిదే, కానీ మొదటి ఐదు నిమిషాలు జబ్బున్న మనిషి తలుపేసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా మాట్లాడాలి. అన్నట్టు, ఆ తమ్ముడికే ఎం.ఎస్. ఉంటే ఇక్కడి డాక్టరు వీడియోలో చూడటానికి పైన చెప్పిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వర్తించవు. అవి మన దేశం దాటవు.

ప్రభుత్వ వీడియో వైద్యసేవ ఈ-సంజీవని ఉచితం. జ్వరం, మూత్రంలో మంట లాంటివాటికి ఎం.ఎస్. ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. మళ్లీ అదే డాక్టరు దొరుకుతారన్న నమ్మకం లేదు కాబట్టి అసలు జబ్బు ఫాలో-అప్ దాని మీద పెట్టుకోలేం. దివ్యాంగుల సర్టిఫికెట్‌కూ వీడియో పనికిరాదు. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, కానీ వైకల్యాన్ని నిర్ధారించే శిబిరానికి మనిషే వెళ్లాలి. వెళ్లేటప్పుడు వీడియో కాల్‌లలో వచ్చిన చీటీలన్నీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కనపడేలా, తేదీల వరసలో ప్రింటు తీసుకుపోండి.