గ్యాస్ బండలు మోస్తుండావా అబ్బయ్యా?

స్కూబా డైవింగ్ నేర్చుకుందామని థాయ్‌లాండ్‌లోని కో టావో దీవికి వచ్చా. దిగిన మూడో రోజు అమ్మకు వీడియో కాల్ చేశా. వెనకాల పడవలోకి సిలిండర్లు ఎక్కిస్తున్నారు. "ఏంది అబ్బయ్యా, విమానమెక్కి అంత దూరం పొయ్యింది గ్యాస్ బండలు మొయ్యడానికా?" అంది. అబద్ధమెందుకు, మొదటి వారం నేను చేసింది అదే. నిండు టాంకు 16, 17 కిలోలుంటుంది, అంటే ఇంట్లో నిండు బండలో సగానికి కాస్త పైన. లోపల ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు గానీ ఉండేది మామూలు గాలే, 200 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లతో, కుక్కి నింపుతారు. ఈ ముక్క నాన్నకు వెంటనే ఎక్కింది. మైపాడు దగ్గర మా రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా కాపలా కాయడమే ఇన్నేళ్లుగా ఆయన రాత్రిళ్ల పని.

నేను వచ్చింది డైవ్‌మాస్టర్ ఇంటర్న్‌షిప్‌కి. డైవ్‌మాస్టర్ అంటే డైవింగ్‌కి వచ్చినవాళ్లను నీళ్లలో వెంట తీసుకెళ్లే గైడు. జీతం ఉండదు, మనమే ఫీజు కట్టి చాకిరీ చేస్తూ నేర్చుకోవాలి. డైవ్‌మాస్టర్ కోర్సు మొదలు పెట్టడానికి 40 డైవులు, పూర్తి కావడానికి 60 ఉండాలి. నేను ఒక్క డైవూ లేకుండా వచ్చా, అన్నీ ఇక్కడే. ఈ దీవి అంతా కలిపి 21 చదరపు కిలోమీటర్లే. ఒకప్పుడు రాజకీయ ఖైదీలను ఉంచిన చోటు. ఇప్పుడు వీధికి రెండు డైవింగ్ షాపులు.

నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కి పినాకిని, అక్కడి నుంచి మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్ట్. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. బ్యాంకాక్ నుంచి బస్సులో, దీవికి పడవలు బయల్దేరే చుమ్‌ఫోన్ చేరాక అసలు తిప్పలు మొదలు. డబ్బు మిగుల్తుందని రాత్రి పడవ ఎక్కా. వరసగా పరుపులేశారు, పక్కవాడి మోచెయ్యి మన పక్కటెముకల్లో. డీజిల్ వాసనకు నిద్ర పట్టలా. తెల్లారకముందే మే హాద్ రేవులో దింపేశారు. షాపు తెరిచేది ఎనిమిదికి. అందాకా పెట్టె మీద కూర్చుని దోమలకు రక్తదానం. తర్వాత ఒకసారి వేగంగా పోయే కాటమరాన్ పడవలో వచ్చా. రెండు గంటల్లో తెచ్చేసింది. టికెట్ ఎక్కువే, అయినా సామానుతో మొదటిసారి వచ్చేవాళ్లు దానికే పెట్టండి.

నెల చూసుకుని రండి. మనకు తుఫాన్లు పట్టే నవంబరే ఈ వైపూ వానలు, అలలు. నేను మార్చిలో దిగా, కడలి చెరువులా ఉంది.

బస విషయంలో మాత్రం మోసపోయా. మొదట మాట్లాడుకున్న షాపువాళ్లు "ఉచిత వసతి" అన్నారు. చూస్తే నలుగురికి ఒక గది, ఒకే ఫ్యాను, అదీ నా మంచం వైపు తిరగదు. పైగా షాపు నుంచి ఇరవై నిమిషాల ఎక్కుడు. ఫోటో కాదు, వీడియో పంపమని అడగాల్సింది. వారం ఓర్చుకుని షాపు మార్చేశా, దక్షిణాన చాలోక్ బాన్ కావ్ వైపు నెలవారీ గదికి మారా. సైరీ బీచ్‌లో మందు బార్ల మోత అర్ధరాత్రి దాకా ఉంటుంది. పొద్దున్నే పడవెక్కాల్సినవాడికి అది కుదరదు. అద్దె కూడా ఇంటర్నెట్‌లో కాదు, మనిషి వెళ్లి నెలకని అడిగితేనే దిగుతుంది.

ఇంకో పొరపాటు నాదే. డైవింగ్‌కి ముందు నింపే మెడికల్ ఫారంలో కొన్ని ప్రశ్నలకు "అవును" అంటే డాక్టరు సంతకం కావాలి. నాకు సైనస్ ఆపరేషన్ అయింది. ఇక్కడ క్లినిక్‌లో చూపించుకుంటే డబ్బులూ పోయాయి, ఒక రోజూ పోయింది. ఫారం ముందే తెప్పించుకుని నెల్లూరులోనే పని కానిచ్చుకోండి.

ఈత పరీక్షలో పరువు పోయింది. పెన్న కాలువలో తల పైకెత్తి కొట్టే ఈత నాది. 400 మీటర్లకు 12 నిమిషాలు, 5కి 2 మార్కులు. 15 నిమిషాలు నీళ్లలో నిలబడి తేలడం, చివరి రెండు నిమిషాలు చేతులు పైకి పెట్టడం మాత్రం సునాయాసంగా చేశా.

వైట్ రాక్ అనే డైవింగ్ చోట నా మొదటి డైవు. మైపాడులో మోకాలి లోతు నీళ్లలో నా పాదం నాకు కనబడదు. ఇక్కడ తల ముంచగానే పదిహేను మీటర్ల కింద ఇసుక మీద పడవ నీడ కనిపించింది. మేడ అంచున నిలబడ్డట్టు కాళ్లు ముడుచుకుపోయాయి, తాడు వదల్లా. రెండు మీటర్లు దిగేసరికి చెవుల్లో పోటు. ముక్కు మూసి గాలి ఊదమంటే గట్టిగా ఊదా, ఎడమ చెవి "కుయ్" మంది. మెల్లగా, నొప్పి రాకముందే ఊదాలట. ఆ రోజు ఆరు మీటర్ల దగ్గరే వెనక్కి తీసుకొచ్చారు. ఇన్‌స్ట్రక్టర్ విసుక్కోలేదు. తర్వాత మారిన ఈ షాపుకు నేను మార్కులేసేది అందుకే.

తిండికి అన్నిచోట్లా కొబ్బరిపాల కూరలే అనుకుంటే, చాలోక్‌లో ఒక ముసలమ్మ గేంగ్ సొమ్ వండుతుంది. చింతపండు పులుపు, పసుపు, చేప ముక్కలు, కొబ్బరి ఊసే లేదు. మామిడికాయ ముక్క ఒక్కటి పడుంటే మా ఇంటి పులుసే. మొలగొలుకుల అన్నం లేదు గానీ సర్దుకోవచ్చు. ఏడింటికి ముందే వెళ్లండి, తర్వాత గిన్నె ఖాళీ.