పీసీవీ వాల్వ్ మార్చి మూడేళ్లయింది, నా 14,500 రూపాయల కడుపుమంట మాత్రం తగ్గలేదు

కారు వివరాలు పెద్దగా అడక్కండి. 2004 మోడల్ పెట్రోల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఇప్పటికి లక్షా యాభై వేల కిలోమీటర్లు దాటింది, అంతవరకు చాలు. దాని ఏసీ గురించీ మైలేజీ గురించీ రాసినవాళ్లు వందమంది ఉన్నారు. నేను రాసేది ఇంజిన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ పక్కన వేలెడంత ఉండే పీసీవీ వాల్వ్ గురించి, అంటే ఇంజిన్ లోపల చేరే గ్యాస్‌ని బయటికి పంపే ముక్క గురించి. దాన్ని ఎవరూ చూడకపోవడం వల్ల నాకు పోయిన డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2020కి ముందు ఈ బండి పదిహేను రోజులకోసారి బెంగళూరు నుంచి హొస్కోటె, చింతామణి మీదుగా మా ఊరు మదనపల్లెకి పోయొచ్చేది. అప్పట్లో ఎక్కడా ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. తర్వాత నాకు ఇంట్లోంచే పని, ఊరికి పోవడం తగ్గింది, స్కూళ్లు తెరిచాక బండికి మిగిలిన డ్యూటీ ఒక్కటే, పొద్దున పాపని దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం. రెండు కిలోమీటర్లు. టెంపరేచర్ ముల్లు లేచేలోపు స్కూలు గేటు వచ్చేస్తుంది. నేనేమో తక్కువ తిప్పుతున్నా కదా, బండిని పువ్వులా చూసుకుంటున్నానని మురిసిపోయేవాణ్ణి. నాన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "తోలకుండా పెడితే ఎద్దైనా చెడిపోతాది, బండైనా చెడిపోతాది రా" అంటానే ఉండేవాడు.

బేస్‌మెంట్‌లో నా స్లాట్‌లో మొదట రూపాయి బిళ్లంత మరక కనిపించింది. నెల తిరిగేసరికి పూరీ అంత అయింది. అసోసియేషన్ వాళ్లు రెండుసార్లు మెసేజ్ పెట్టాక వాచ్‌మన్ ఎవరిదో వాషింగ్ మెషీన్ అట్టపెట్టె విప్పి బండి కింద పరిచాడు. సరే అని టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పించా, 1,800. ఇరవై రోజులు అట్ట పొడిగా ఉంది, ఆ తర్వాత ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట నుంచి కారడం మొదలైంది. ఈసారి కాస్త పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే, ఫ్లైవీల్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపేది) పోయింది, గేర్‌బాక్స్ దింపాలి అన్నారు. సీల్ ఖరీదు వందల్లోనే, మిగతాదంతా దింపి ఎక్కించే కూలి. ఎలాగూ దింపుతున్నాం కదా సార్, క్లచ్ కూడా వేసేద్దామా అని అడిగితే అది మాత్రం వద్దన్నా. బిల్లు 14,500. రెండు నెలలు తిరక్కుండానే అట్ట మీద మళ్లీ మరక. వాళ్లు సీల్ సరిగ్గా బిగించలేదని నేననను, బహుశా బాగానే బిగించి ఉంటారు. సీల్ ఎందుకు పోయిందని ఒక్కడూ అడగలేదు, నా కోపమంతా అక్కడే.

అసలు సంగతి బయటపడింది 2022 జూలైలో. ఊళ్లో పెళ్లి ఉందని బయల్దేరాం, చిన్న తుంపర, హొస్కోటె దాటాక ఖాళీ టమాటా క్రేట్లతో తిరిగెళ్తున్న లారీని ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కా. ఒక నిమిషంలో లోపలికి మాడిన నూనె వాసన. మా ఆవిడ "పకోడీల బండి దాటామా?" అంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తన గొట్టంలోంచి రెండు వేళ్ల ఎత్తు పైకి లేచి నిలబడి ఉంది, చుట్టూ ఆయిల్ చిమ్మింది, సైలెన్సర్ మొదట్లో పడిన చుక్కలు పొగ కక్కుతున్నాయి. దాన్ని లోపలికి నొక్కి, మెల్లగా వెనక్కి తిప్పుకుని, కె.ఆర్.పురంలో మా వీధి చివర ఉండే చిన్న షెడ్డు మెకానిక్ దగ్గరికి తోలుకొచ్చా. పెళ్లికి బస్సులో పోయాం.

అతను కోలారు వైపు మనిషి, మనకంటే బాగా తెలుగు మాట్లాడతాడు. ముందు ఆయిల్ పోసే మూత తీశాడు. మూత లోపలివైపు గడ్డపెరుగులో కాఫీ కలిపినట్టు లేత గోధుమ రంగు జిగురు. నాకు గుండె జారింది, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు కలిశాయేమోనని. అతను కూలెంట్ చూశాడు, తగ్గలేదు. డిప్‌స్టిక్ తుడిచి చూశాడు, ఆయిల్ మామూలు రంగులోనే ఉంది. అప్పుడు పొద్దున ఇడ్లీ పార్సిల్‌లో చట్నీ వచ్చిన ప్లాస్టిక్ కవర్ కడిగి తుడిచి, ఇంజిన్ ఐడిల్‌లో (తొక్కకుండా ఊరికే తిరుగుతూ) ఉండగా ఆయిల్ పోసే నోటి మీద పెట్టి చుట్టూ చేత్తో పట్టుకున్నాడు. కవర్ బూరెలా ఉబ్బింది. "బాగుండే ఇంజిన్ అయితే దీన్ని మెల్లిగా లోపలికి లాక్కోవాలన్నా. ఇది బయటికి ఊదతా ఉంది. దీనికి సీల్ జబ్బు కాదు, గ్యాస్ ట్రబులు" అన్నాడు.

నిజంగానే గ్యాస్ ట్రబుల్. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా మండిన గ్యాస్ కొంచెం కిందికి, ఆయిల్ ఉండే భాగంలోకి జారుతూనే ఉంటుంది. అందులో నీటి ఆవిరి, మండని పెట్రోల్ ఉంటాయి. దాన్ని ఈ వాల్వ్ ద్వారా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) లాక్కుని మళ్లీ మండిస్తుంది, బదులుగా ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి ఇంకో గొట్టంలో శుభ్రమైన గాలి లోపలికి వస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆవిరి ఆవిరిగానే పోతుంది. నాలాగా చలిపొద్దున రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే లోపలే నీరుగా దిగి, ఆయిల్‌తో చిలికి ఆ కాఫీ పెరుగు తయారవుతుంది, అదే దారుల్లో పేరుకుంటుంది. దారి మూసుకుంటే ప్రెషర్ ఊరుకోదు కదా, ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని తోసుకుంటూ బయటికి వస్తుంది. ప్యాకింగ్ కొత్తది వేస్తే క్రాంక్ సీల్ నుంచి, అదీ కొత్తదైతే డిప్‌స్టిక్ గొట్టం నుంచి. నా బండి సరిగ్గా ఈ వరసలోనే పోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున చెంచాడు ఆయిల్ కూడా ఉంది, అంటే గాలి రావలసిన గొట్టంలోంచి పొగ ఎదురొచ్చిందన్నమాట. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చామని బిల్లు వేసినవాళ్లకి ఆ ఆయిల్ కనబడలేదా అని ఇప్పటికీ నా అనుమానం.

వాల్వ్ పీకడం అయిదు నిమిషాల పని అనుకున్నాం. దాన్ని పట్టి ఉంచే రబ్బరు గ్రోమెట్ పద్దెనిమిదేళ్ల వేడికి రాయిలా అయిపోయింది, ఇలా లాగగానే పుటుక్కున విరిగి సగం ముక్క టాపెట్ కవర్ లోపల పడింది. వీడియోల్లో ఎవరూ చూపించరు ఇది. రబ్బరు కాబట్టి మాగ్నెట్‌కి రాదు, వదిలేస్తే ఏ ఆయిల్ దారిలో ఇరుక్కుంటుందో తెలీదు. చివరికి కవర్ మొత్తం విప్పాల్సి వచ్చింది, నేను కొత్తగా వేయించిన ప్యాకింగ్ కూడా దండగ. ముక్క క్యామ్ షాఫ్ట్ పక్కన, ఆయిల్ కిందికి దిగే రంధ్రానికి బెత్తెడు దూరంలో పడి ఉంది, నోస్ ప్లయర్‌తో తీశాడు.

ఒకందుకు అది విరగడమే మంచిదైంది. కవర్ బోర్లించి చూస్తే, ఆయిల్ తుంపరని ఆపడానికి లోపల ఒక రేకు ఉంటుంది, దాని రంధ్రాలన్నీ నల్లటి జిగురుతో మూసుకుపోయి ఉన్నాయి. ఉత్త వాల్వ్ మార్చి వచ్చేసి ఉంటే ఏమీ మారేది కాదు. కవర్‌ని రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో ఇద్దరం కూర్చుని తోమాం. పాత వాల్వ్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపలి ముక్క టిక్ టిక్ అనాలి, మాది చడీచప్పుడూ లేదు.

మర్నాడు స్పేర్ పార్టుల షాపులుండే జె.సి.రోడ్డుకి నేనే పోయా. నాలుగు షాపులు తిరిగితే ఒకచోట "ఇదే సార్, అన్నిటికీ సరిపోతుంది" అని 150 రూపాయలకి ఒకటి ఇచ్చాడు. చూడ్డానికి అచ్చు అదే. బిగించి స్టార్ట్ చేస్తే ఐడిల్ 1,100 ఆర్‌పీఎం దగ్గర ఊగుతూ సన్నగా ఈల. పైకి ఒకేలా ఉన్నా లోపలి స్ప్రింగూ రంధ్రమూ ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో లెక్క, ఐడిల్‌లో ఎంత గాలి వదలాలో అదే నిర్ణయిస్తుంది, ఎక్కువ వదిలితే వాక్యూమ్ లీక్ ఉన్నట్టే, అంటే లెక్కలో లేని గాలి ఇంజిన్‌లోకి పోతున్నట్టే. మళ్లీ పోయి పార్ట్ నంబర్ చూపించి ఒరిజినల్ తెప్పించా, అయిదు రోజులు పట్టింది, 420 రూపాయలు. గ్రోమెట్, గొట్టం, ప్యాకింగ్, కూలి, ఆయిల్ మార్పు అన్నీ కలిపి 4,300 చిల్లర. చట్నీ కవర్ మళ్లీ పెట్టి చూశాం, ఈసారి లోపలికి పీల్చుకుని గిన్నె మీద మూతలా అతుక్కుంది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం చెప్తే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కొత్తలో నేను కనబడినవాళ్లందరికీ రెండు మాటలు చెప్పా, లీక్ పూర్తిగా ఆగిపోయిందని, బండి ఆయిల్ తాగడం మానేసిందని. మొదటిది దాదాపు నిజం, అట్ట మీద ఈ మూడేళ్లలో చెప్పుకోదగ్గ మరక పడలేదు. రెండోది కొంచెం నోరు జారడమే. అంతకుముందు పదిహేను వందల కిలోమీటర్లకి లీటరు పోసేవాణ్ణి, ఇప్పుడు అదే లీటరు అయిదు వేలకి పైగా వస్తుంది, కానీ తాగడమైతే తాగుతుంది. కిందటేడు కంప్రెషన్ (సిలిండర్లలో వచ్చే ఒత్తిడి) చూపిస్తే మూడో సిలిండర్ మిగతావాటికంటే తక్కువుంది. అరిగిన రింగుల్ని 420 రూపాయల వాల్వ్ ఏం చేస్తుంది పాపం. మైలేజీ పెరిగిందని కూడా అప్పట్లో అన్నాననుకుంటా, లెక్క రాసుకుని చూస్తే ఏమీ పెరగలేదు. ఐడిల్ మాత్రం నిలకడగా ఉంది, సిగ్నల్‌లో స్టీరింగ్ వణుకు పోయింది.

ఇంకో మాట. నా తిప్పలు విని మా ఆఫీసు మిత్రుడొకడు "ఆ వాల్వ్ పైపు పీకేసి కిందికి వదిలేయ్, మానిఫోల్డ్ వైపు రంధ్రాన్ని బోల్టు కొట్టి మూసెయ్" అన్నాడు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో కొత్త బళ్లకి ఈ వాల్వ్ పెట్టడం మొదలయ్యేదాకా కార్లన్నీ ఆ పొగని అలాగే గొట్టంలోంచి రోడ్డు మీదికి వదిలేవి. అలా చేస్తే ట్రాఫిక్‌లో ఆ వాసన మనమే పీల్చాలి, లాక్కునేది లేక లోపలి ఆవిరి కూడా సరిగ్గా పోదు. నేను చేయలేదు. అలాగే కొత్త తరం టర్బో బళ్లు ఉన్నవాళ్లు నా ఖర్చు చూసి ఆశపడకండి, చాలావాటిలో వాల్వ్ విడిగా ఉండదు, డయాఫ్రమ్ అనే పల్చటి పొరతో సహా టాపెట్ కవర్‌లోనే కలిపి ఉంటుంది, పోతే కవర్ మొత్తం మార్చాల్సిందే.

మరి చేయించుకోవచ్చా అంటే, వారానికోసారి హైవే ఎక్కే బండికి బహుశా ఏళ్ల తరబడి దీని అవసరం రాదు, మాదానికి కూడా మదనపల్లె తిరిగినన్నాళ్లు రాలేదు. నాలాగా స్కూలుకీ కూరగాయలకీ తిప్పేవాళ్లయితే, ఎవరైనా సీల్ మార్చాలి గేర్‌బాక్స్ దింపాలి అన్నప్పుడు ముందు ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టి చూడండి, పోయేదేమీ లేదు. రెండో వానాకాలానికే మా మూత కింద మళ్లీ పల్చగా కాఫీ రంగు కనబడింది. వాల్వ్ మీద తప్పు లేదు, నా రెండు కిలోమీటర్లే. అప్పట్నుంచి ఆదివారం పొద్దున ట్రాఫిక్ లేవకముందే హొస్కోటె దాకా పోయి టిఫిన్ చేసి వస్తున్నాం. దోసెల ఖర్చు కలుపుకుంటే ఈ సర్వీసు అంత చవకేం కాదు. గ్రోమెట్లు రెండు అదనంగా కొని డ్యాష్‌బోర్డ్‌లో పడేశా, ఈ డిసెంబర్‌లో విప్పిస్తా, వాల్వ్ ఊపితే టిక్ మందా, దాన్నే మళ్లీ బిగిస్తాం.