చిలికా డాల్ఫిన్లు బాగున్నాయి, ముత్యాల దిబ్బతోనే జాగ్రత్త

మన శ్రీకాకుళం నుంచి పూరీ వెళ్ళేవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని చిలికా సరస్సుకి ఓ పూట కేటాయిస్తారు, వాళ్ళ కోసమే ఇది. ఆమదాలవలసలో రైలెక్కడం, జగన్నాథుడి దర్శనం, లాడ్జి అన్నీ సాఫీగానే జరిగిపోయాయి. గొడవంతా చిలికాలో పడవలెక్కే ఊరు సాతపడాలోనే.

పూరీ నుంచి సాతపడా దాదాపు 50 కిలోమీటర్లు, కారుకి రానూపోనూ 2,200 అయింది. రేవులో దిగీ దిగకముందే ఏజెంట్లు చుట్టుముట్టారు. మూడు గంటల పడవకి 3,500 అని మొదలుపెట్టి 2,600కి దిగారు. లైఫ్ జాకెట్లిచ్చారు గానీ రెండింటికి క్లిప్పులే లేవు, తాడుతో కట్టుకోమన్నారు. అమ్మ అక్కడే ముఖం మాడ్చుకుంది.

డాల్ఫిన్లు మాత్రం కనిపించాయి. టీవీలోలా గాల్లోకి గెంతుతాయని పిల్లలకి చెప్పి తీసుకెళ్ళకండి. ఇక్కడున్నవి ఇరావడి డాల్ఫిన్లు, పొడుగు ముక్కుండదు, గుండ్రటి తల, ఊపిరి కోసం పైకొచ్చి బూడిదరంగు వీపు, దాని మీద చిన్న రెక్క చూపించి మునిగిపోతాయి. మొదట నాలుగైదు పడవలు ఇంజన్లు మోగిస్తూ వాటి వెంటపడ్డాయి, ఇంకేం కనిపిస్తాయి? బావ గట్టిగా అరిస్తే మా పడవవాడు ఇంజన్ ఆపాడు. కాసేపటికి పడవ పక్కనే ఫుస్సుమని గాలి వదిలిన చప్పుడు, నున్నటి వీపు ఒకటి, దాని వెనకే ఇంకోటి. అల్లరి పిల్లాడు మా మేనల్లుడు కూడా నోరెత్తలేదు. 2,600 దానికే చెల్లిపోయాయి అనుకున్నాను.

తర్వాత మొదలైంది అసలు నాటకం. సముద్రపు మొగ దగ్గర ఎర్ర పీతలు చూపిస్తానని ఇసుక దిబ్బ మీద దించాడు. ఆ పీతలు ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి! పక్కనే బకెట్టు నిండా ఆల్చిప్పలతో ఒకాయన. మొదటి చిప్ప పగలగొడితే ముత్యం, రెండోదాంట్లో ముత్యం, మూడోదాంట్లో ఏకంగా రెండు. సముద్రంలో ముత్యం అలా వరసపెట్టి దొరికితే ఆయన ఈ ఎండలో ఎందుకు కూర్చుంటాడండీ? రాయికేసి రుద్దాడు, లైటర్‌తో కాల్చి చూపించాడు, బావ కరిగిపోయాడు. జత 3,000 అన్నది 800కి వచ్చేసరికి గెలిచినట్టు నవ్వాడు కూడా. మా పడవవాడేమో తొందరేం లేదు, చూడండి చూడండి అంటాడు. మూడు గంటల్లో ముప్పావుగంట అక్కడే పోయింది. ఊరొచ్చాక అప్ప నగల షాపులో చూపిస్తే గాజు అన్నారు. ఆ వారమంతా బావకి కాఫీ టైముకి అందలేదు.

సాతపడాలో ఆవముద్ద పెట్టి వండిన రొయ్యల కూర మాత్రం వదలకండి, భోజనం 220.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. ముత్యాల దిబ్బ వద్దని, డాల్ఫిన్ల దగ్గర ఇంజన్ ఆపాలని ఎక్కకముందే చెప్పండి, సగం డబ్బు మాత్రం ఒడ్డుకి తిరిగొచ్చాకే ఇవ్వండి. పక్షుల కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు, చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని ఉంటాయి, పడవ బేరం లేదు, ముత్యాలూ లేవు.